పాపకు ఫిట్స్ మాత్ర ఆపితేనే విశ్వాసమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కందుకూరు పాప వాళ్లమ్మ:

అందరికీ వందనాలు. మాది కందుకూరు దగ్గర పల్లె. నా బిడ్డకు 9 ఏళ్లు, నాలుగో తరగతి చదవతా ఉంది. ఆరేళ్లప్పుడు మొదటిసారి ఫిట్స్ వచ్చింది. నెల్లూరులో నరాల డాక్టరుకు చూపించినాం. అప్పట్నుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేస్తా ఉండాం. పోయిన సంక్రాంతికి ముందు ఒకసారి వచ్చింది, ఆ తర్వాత మళ్లా రాలేదు.

మా వీధిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుద్ది. దాన్ని నడిపించే అక్క పోయిన వారం అందరి ముందూ నన్ను నిలబెట్టి, "నమ్మి లోబడితేనే అద్భుతం చూస్తావు. మాత్రల డబ్బా అలమారలో పెట్టుకొని స్వస్థత ఇమ్మని అడిగితే ఆయన ఎట్లా ఇస్తాడు? 21 రోజులు ఆపి చూడు" అనింది. ఆ అక్క చెడ్డ మనిషి కాదు. నా కాన్పప్పుడు మా అమ్మ రాలేకపోతే మూడు రాత్రులు ఆసుపత్రిలో నా పక్కనే కూర్చున్న మనిషి. అందుకే ఆమె మాట తీసి పక్కన పెట్టలేకుండా ఉండా. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆదివారం ఇంటికొస్తాడు. ఫోన్‌లో అడిగితే "నీ ఇష్టం, నన్ను అడగబాక" అన్నాడు.

నిన్న రాత్రి మాత్ర చేతిలో పెట్టుకొని అరగంట కూర్చున్నా. చెమటకు మాత్ర అంచు కరిగి అరచేతికి తెల్లగా అంటుకునింది. పాప నిద్రమత్తులో "అమ్మా ఇయ్యి" అని నోరు తెరిచింది. వేసేశా. వేసినాక ఏడుపొచ్చింది. రాబోయే అద్భుతాన్ని నా చేత్తో నేనే ఆపేశానా అని.

దేవుడికి లోబడటమంటే ఏంది? మీలో ఎవరైనా నిజంగా అద్భుతం చూసినవాళ్లుంటే, ఏం చేస్తే చూశారో రాయండి. వాక్యాలు నాకూ తెలుసు. వాక్యాలు వద్దు, మీకు జరిగింది రాయండి.

నెల్లూరు నైట్ డ్యూటీ:

చెల్లీ, నేను నర్సుని. నాకు అద్భుతాల సంగతి పెద్దగా తెలియదు గానీ మాత్రల సంగతి తెలుసు.

ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే పాత ఫిట్స్ తిరిగి రావడం ఒక్కటే కాదు, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో తెలివి రాకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు. మాత్రలు జీవితాంతం వేయాల్సిందే అని కూడా కాదు. మామూలుగా కనీసం రెండేళ్లు ఒక్కసారి కూడా రాకపోతే డాక్టరే చూసి, కొన్ని నెలలపాటు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. మీ పాపకు పోయిన సంక్రాంతికి ముందే వచ్చిందంటున్నావు కాబట్టి ఇంకా ఆ లెక్కకు రాలేదు.

ఇంకో సంగతి. ఎప్పుడైనా వస్తే చేతిలో తాళాలు, ఇనప ముక్కలు పెట్టొద్దు. నోట్లో స్పూను పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే 108.

వాక్యాలు వద్దన్నావు, ఒక్కటి రాస్తా, తిట్టుకోబాక. హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చినాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మాట ఇచ్చినాక మందు ఎందుకు అని రాజు అడగలేదు.

బ్యారన్ కాడ పెద్దాయన:

అమ్మాయ్, ముందు రాత్రి మాత్ర వెయ్యి. మిగతాది తీరిగ్గా చదువుకో, నాది కాస్త పొడుగు.

మాది మద్దిపాడు మండలం. నాకు 61 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా పొగాకు రైతును. పొగాకు పండించేవాడు దేవుడికి లోబడటం గురించి చెప్పొచ్చాడా అని మా సంఘంలోనే ఇద్దరు ముగ్గురు అంటుంటారు. వాళ్లకు నా దగ్గర జవాబు లేదు. ఈ ఏడు రెండెకరాలు శనగకు తిప్పా. పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, మాత్రం కూల్చలా.

నువ్వు అద్భుతం చూసింది చెప్పమన్నావు. ముందు చూడనిది చెప్తా.

2015 సంగతి. ఆ ఏడు మా జిల్లాలో పొగాకు ధర ఎట్లా పడిందో ఈ వైపు వాళ్లకు వేరే చెప్పాల్సిన పన్లేదు. ఉసురు తీసుకున్న రైతులు కూడా ఉన్నారు. వేలం కేంద్రంలో బేళ్లు, అంటే గోనెపట్టలో కట్టిన ఆకు మూటలు, వరసగా పేర్చుకొని నిలబడతాం. బయ్యర్లు నడుచుకుంటా వస్తారు, బేలులో చెయ్యి పెట్టి నాలుగు ఆకులు లాగి చూస్తారు, పక్క బేలుకు పోతారు. ఎవరూ ధర వేయకపోతే నో బిడ్. ఆ బేలును మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి, బాడుగ మనదే.

అట్లాంటి ఏడాదిలో అందరూ చేసే పని ఒకటుంది. బేలు తొక్కేటప్పుడు చుట్టూ మంచి రంగున్న బ్రైట్ ఆకు పేర్చి, నడి మధ్యలో నాసిరకం లోగ్రేడ్ ఆకు పెడతారు. దాన్ని నెస్టింగ్ అంటారు. పొగాకు బోర్డు వాళ్లకు దొరికితే జరిమానా. దొరక్కపోతే లోపలి మాసిపోయిన ఆకుకు కూడా పై ఆకు ధరే. నేనూ చేశా. తొమ్మిది బేళ్లు. ఒక్కోదాంట్లో పాతిక కిలోల దాకా.

వేలానికి ముందురోజు ఆదివారం. పాస్టరుగారు సామెతల్లోంచి దొంగత్రాసు వాక్యం తీశారు. నాకు చెమటలు పట్టినయ్. ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా, దీపం పెట్టుకొని తొమ్మిది బేళ్లూ విప్పా. మా ఇంటామె లేచి వచ్చి ఒక్కమాట అడక్కుండా కూర్చొని ఆకు వేరు చేసింది. తెల్లారుజామున నాలుగింటికి గోనెపట్టలు మళ్లీ కుట్టాం. వేళ్లకు ఆ జిగురు, నల్లగా, సబ్బుకు పోదు. ఆ నల్ల చేతులతోనే మోకరించి ఏం అడిగానో నాకు ఇప్పటికీ గుర్తుంది. "నీ మాట విన్నా ప్రభువా, రేపు ధర చూపించు" అని.

ఏం జరిగిందో చెప్పమంటావా? వేరు చేసిన లోగ్రేడ్ రెండుసార్లు నో బిడ్ అయింది. మూడోసారి కిలో 45కి పోయింది. అది లోపలే ఉంటే వందకు తక్కువ కాకుండా పోయేది. లెక్కేస్తే నాకు 12 వేల చిల్లర పోయింది. మా పక్క వరసలో నిలబడిన నా తోడల్లుడు నెస్టింగ్ చేసిన బేళ్లు ఒక్కటి కూడా వెనక్కి రాకుండా అమ్ముకొని, మధ్యాహ్నం నాకు బిరియానీ పెట్టించాడు. తిన్నా కూడా.

ఏడాది పైనే దేవుడి మీద అలిగా. చర్చికి పోయేవాడిని, పాట పాడేవాడిని కాదు. ఒకరోజు మా ఇంటామె, బియ్యంలో రాళ్లు ఏరతా ఏరతా, తలెత్తకుండా అనింది: "బేళ్లు విప్పావు సరే, దేవుడికి కట్టిన బేలు విప్పలా నువ్వు. పైన లోబడటం పేర్చావు, లోపల బేరం పెట్టావు."

బుర్ర తిరిగిపోయింది. అంతకుముందు ఆ మాట ఏ పాస్టరూ చెప్పలా నాకు.

ఇప్పుడు నీ సంగతి చూడు. 21 రోజులు మాత్ర ఆపమని దేవుడు నీకు చెప్పాడా? లేదు. ఆ అక్క చెప్పింది. 21 అనే లెక్క ఎక్కడిది? పైన విశ్వాసం పేర్చి, లోపల "నేను దూకుతా, నువ్వు పట్టుకో, పట్టుకోకపోతే చూస్తా" అని పెట్టడం అది. యేసును దేవాలయం పైనుంచి దూకమన్నది ఎవరో, వాక్యం చూపించి మరీ దూకమన్నది ఎవరో నీకు తెలుసు. నువ్వే వాక్యాలు వద్దన్నావు కాబట్టి ఆపుతున్నా.

నేను బేళ్లు అమ్మింది వెల్లంపల్లి వేలం కేంద్రంలో. ఆ ఊరి పేరు వింటే మా వైపు పాత సంఘాల్లో ఇంకో సంగతి గుర్తొస్తది. 1878 జులై 3న అక్కడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత తండ్రి అందులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు, కాగితం ఏమీ లేదు. ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరగారి కాలం. ఆ సంఖ్య అందరూ చెప్తారు, సంఘం వార్షికోత్సవాల్లో బ్యానరు మీద కూడా వేస్తారు. దానికి ముందు జరిగింది ఎక్కువమంది చెప్పరు.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. జనం రోడ్ల పక్కన చచ్చిపోతుంటే క్లౌ గారు బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్లకు పైన కాంట్రాక్టు పట్టి మనవాళ్లకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. తట్టా పారా పట్టుకున్నవాళ్లలో వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలా. 15 నెలలు ఇవ్వలా. కూడు కోసం వచ్చినవాడెవరో, దేవుడి కోసం వచ్చినవాడెవరో తేలదని. కరువు పని అయిపోయి, ఇంక ఇచ్చేందుకు నా చేతిలో ఏమీ లేదు, ఊళ్లకు పోండి అన్నాక కూడా వచ్చినవాళ్లే ఆ 2,222 మంది. ఒక మిషనరీ 15 నెలలు జనాన్ని చేర్చుకోకుండా ఆపడం! నాకు ఆ సంఖ్య కన్నా ఆ 15 నెలలే పెద్దగా కనపడతయ్. బేలు విప్పి చూసుకున్నాడాయన.

సరే, నువ్వడిగింది. చూశావా అంటే, ఒకటి చూశా. అద్భుతమంటావో, కాదంటావో నీ ఇష్టం.

మా తమ్ముడికీ నాకూ గట్టు తగువు. మూడడుగులు. నాలుగేళ్లు మాటల్లేవు. ఒక ఏడు ఫిబ్రవరిలో, సంస్కార ఆరాధన ముందురోజు, నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే కానుక అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడు అనేది బుర్రలో తొలుస్తుంటే, రాత్రి పదిన్నరకి లేచి వాడి బ్యారన్ కాడికి పోయా. క్యూరింగ్ రోజుల్లో రైతు పడకంతా బ్యారన్ దగ్గరేగా. ఈసారి ఏమీ అడగలా. ధర అడగలా, గట్టు కూడా అడగలా. పోవడం ఇష్టం లేకనే పోయా, చెప్పాలంటే.

వాడు నులక మంచం మీద గురక పెడతన్నాడు. ఈనె ఎండే దశ, లోపల 160 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటది. ఉష్ణోగ్రత చూసే చిన్న అద్దం ఉంటదే, అందులోంచి ఊరికే చూశా. కర్ర మీద నుంచి ఊడిన ఒక ఆకు కింద పొయ్యి వేడి పోయే రేకు గొట్టం మీద పడి ఉంది. అంచు ఎర్రగా, చీమ పాకినట్టు, లోపలికి పాకతా ఉంది. వాడి బ్యారన్‌లో గొట్టాల మీద ఇనప వల లేదు. పైన అంచెలంచెలుగా ఎండిన ఆకు.

వాణ్ణి కాలితో తన్ని లేపా. నాలుగేళ్ల తర్వాత మొదటి పలకరింపు అది. వాడు లేచి తలుపు తియ్యబోయాడు. తీస్తే గాలి పోసినట్టే, బ్యారన్ భగ్గున లేస్తది. చెయ్యి పట్టి లాగా. పొయ్యిలో మొద్దులు బయటికి లాగి, గాలి సందులన్నీ తడి గోతాలు కుక్కి మూసి, తెల్లారేదాకా ఇద్దరం గోడకు వీపు ఆనించి కూర్చున్నాం. గోడ కాలతానే ఉంది. పొద్దున తీసి చూస్తే రెండు కర్రల ఆకు మాడింది. అంతే.

తమ్ముడు దాన్ని కాకతాళీయం అంటాడు. నేను వాదించను. నాకు దక్కింది ఏమీ లేదు, బ్యారన్ వాడిది. గట్టు తగువు ఇంకా తేలలా, సర్వేయరు రావాలి. కాకపోతే ఇప్పుడు ఆ మూడడుగుల మీద నిలబడే మాట్లాడుకుంటాం.

ఒంగోలు సాక్షి:

పెద్దాయనకు వందనాలు. సాక్ష్యం బాగుంది గానీ మీరు విశ్వాసాన్ని చల్లారుస్తున్నారు. పేతురు పడవలో కూర్చొని లెక్కలు వేసుకుంటే నీళ్ల మీద నడిచేవాడా? అడుగు బయట పెట్టాలి సార్. రాత్రంతా ఏమీ పడకపోయినా "నీ మాట చొప్పున" అని వల వేశాడు. చేపలు పడవలు నిండినయ్. లోబడితే అద్భుతం, లోబడకపోతే లేదు. సిస్టర్ గారు భయపడితే భయపడమనండి, మందును నమ్ముకుంటున్నానని ఒప్పుకోమనండి.

బ్యారన్ కాడ పెద్దాయన:

తమ్ముడూ, పేతురు తన కాలు పెట్టాడు. పిల్లను దింపలా.

ఇంకోటి, "నీవే అయితే నన్ను రమ్మను" అని అడిగి, ఆయన "రా" అన్నాకే దిగాడు. పక్క పడవలోంచి ఎవరో నెడితే దిగలా. వల సంగతి కూడా అంతే, చెప్పింది ఆయనే. నువ్వు జాలర్ల ఊర్లో అడుగు, పగటిపూట లోతులో వల వెయ్యమంటే వాళ్లకేం నష్టం? మహా అయితే ఒళ్లు అలుస్తది, ఊళ్లోవాళ్లు నవ్వుతారు. ఆయన అడిగిన విధేయతలో ఇంకొకళ్ల బిడ్డ ప్రాణం పణం పెట్టింది నాకైతే కనపడలా. కొడుకును బలివ్వబోయిన అబ్రాహాము సంగతి అంటావేమో, అక్కడ కూడా కత్తి ఆపిందే ఆయన.

నువ్వు కోపంగా రాశావు, నాకు కోపం లేదు. నీ వయసులో నేనూ ఇట్లాగే ఉన్నా.

స్వర్ణాల చెరువు కాడ:

నేను ముస్లింను, నెల్లూరు. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, రాస్తా ఉండా. మా బారాషహీద్ దర్గా రొట్టెల పండగ మీకందరికీ తెలిసిందే. కోరిక ఉన్నవాళ్లు చెరువులో నిలబడి రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి రొట్టె ఇస్తారు. మా అన్న కొడుక్కి చిన్నప్పుడు ఇదే జబ్బు. మా వదిన మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె తీసుకుని, అక్కడే సగం తిని, సగం పిల్లోడికి పెట్టి, కొంగులోంచి మాత్ర తీసి వేసింది. టైము తప్పకూడదని సెల్లులో అలారం పెట్టుకొని వచ్చింది మరి. పక్కన ఉన్న ముసలామె "దువా చేసినాక మళ్లా మందెందుకు" అంటే మా వదిన "రొట్టె ఆయన ఇచ్చిందే, ఇదీ ఆయన ఇచ్చిందే, రెండూ తిననీ" అనింది.

పిల్లోడు ఇప్పుడు డిగ్రీ చదవతా ఉండాడు. మాత్రలు డాక్టరే తగ్గించి ఆపించాడు. మా వదిన మూడేళ్లు వరసగా పోయి రొట్టెలు ఇచ్చి వచ్చింది. ఎవరి పుణ్యమో ఆమెను అడిగితే చెప్పదు, నవ్వుద్ది.

కందుకూరు పాప వాళ్లమ్మ:

అందరివీ చదివినా. రెండుసార్లు చదివినా. పెద్దాయన రాసింది మా ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించా, కర్ర మీద నుంచి ఆకు ఊడిపడిన కాడ "ఆగు ఆగు, మళ్లీ చదువు" అన్నాడు. వాళ్ల నాయన కూడా బ్యారన్ మనిషే.

ఇవాళ పొద్దున ఆ అక్క ఇంటికి పోయినా. ప్రార్థనలో అందరి ముందూ కాదు, ఆమె ఒక్కతే అంట్లు తోముకుంటా ఉండగా. "అక్కా, నేను మాత్ర ఆపను. ప్రార్థనకు మాత్రం వస్తా. నన్ను నిలబెట్టొద్దు" అని చెప్పినా. చెప్పేలోపల నా కాళ్లు వణికినాయి. ఆమె చాలాసేపు మాట్లాడలా. గిన్నె తోమిందే తోమతా ఉంది. ఆఖరికి తలొంచుకొని, వాళ్ల తమ్ముడికి కూడా చిన్నప్పుడు ఇదే ఉండేదని, మందులు కొనే డబ్బుల్లేక వాళ్ల అమ్మ ప్రార్థన ఒక్కటే చేసేదని చెప్పింది. ఆ తమ్ముడు ఏమయినాడని నేను అడగలా. అడగబుద్ధి కాలా. ఆ మిగతా గిన్నెలు నేను కడిగి వచ్చినా.

నర్సు అక్కా, వచ్చే గురువారం నెల్లూరు వస్తా ఉండాం డాక్టరు దగ్గరికి. ఫిట్స్ వచ్చిన తేదీలు రాసుకొని పోవాలా? పాత చీటీలు రెండు పోయినాయి, ఒకటి వానకు తడిసి అక్షరాలు కనపడటం లేదు.

నెల్లూరు నైట్ డ్యూటీ:

తేదీలు గుర్తున్నకాడికి రాసుకొని రా. మాత్ర ఖాళీ అట్ట ఒకటి సంచిలో వేసుకో, దాని మీద పేరు, పవరు ఉంటాయి, చీటీ లేకపోయినా డాక్టరుకు అర్థమవుద్ది. తడిసిన చీటీ కూడా పారేయబాక, తీసుకురా. పాప బరువు ఇంట్లో కాదు, అక్కడే తూయించు.